ఓడిన మర్నాడు

తిరుమలగిరి, సికింద్రాబాద్
4 ఆగస్టు 2024

హేమంతూ,

ఆశీస్సులు తర్వాత రాస్తాను, ముందు తిట్లు రాయాలి.

ఫోన్ చేస్తే చెవి మిషన్లో నీ గొంతు కీచుమంటుంది. పైగా నువ్వు ప్రతిదానికీ ‘ఓకే మామా’ అనేసి పెట్టేస్తావు. మన ఫ్యామిలీ గ్రూపులో రాద్దామంటే అందులో పొద్దున్నే పూలూ దేవుళ్లూ తప్ప మనుషుల మాట కనపడదు. అందుకే కాగితం. పోస్టులో వచ్చింది కాబట్టి చివరిదాకా చదువుతావని ఆశ.

స్వామిని ఎత్తుకుపోయింది నువ్వేనట. ఇంటర్ రెండేళ్లూ వాడు మా కాలేజీ గ్రౌండులో నా కళ్లముందు ఆడాడు. ఎడమ కాలితో తప్ప తన్నడం తెలియనివాడికి కుడి కాలు కూడా ఉందని చెప్పింది నేను. డిగ్రీకి మా దగ్గరే చేరతాడని జట్టులో చోటు ఉంచాను. తీరా చూస్తే తెల్లాపూర్‌లో, మీ నవశిఖర ఇంజనీరింగ్ కాలేజీలో తేలాడు. నేను ఇక్కడ కోచ్‌గా చేరేనాటికి మీ కాలేజీ ఉన్నచోట జొన్నచేలు ఉండేవి. మాకు యూనివర్సిటీ కప్పులు బీరువాలో పట్టక కిటికీ గూట్లో పెడుతున్నాం. మీరేమో ప్లాస్టిక్ గడ్డి పరిచి, ఎదిగిన పిల్లల్ని తెచ్చుకుని మమ్మల్ని ఓడిస్తామని హోర్డింగులు పెడుతున్నారు.

అనంతపురంలో మీ అమ్మ వద్దని మొత్తుకుంటున్నా నీకు బంతి తన్నడం నేర్పించాను. ఇందుకేనా?

మీ అత్త నాగమణి నీకు నిమ్మకాయ ఊరగాయ పంపమంది. నేను పంపను. కావాలంటే వచ్చి తీసుకో.

కోపంతో,
లక్ష్మీనారాయణ మామ

---

మదీనాగూడ
10 ఆగస్టు 2024

మామకు నమస్కారాలు.

చివరిదాకా చదివాను. శిరీష కూడా చదివి, “మీ మామ ఉత్తరంలో ఊరగాయ మాటొక్కటే న్యాయంగా ఉంది” అంది.

స్వామిని నేను ఎత్తుకురాలేదు. వాళ్ల నాన్న లింగయ్య తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ. వాళ్లుండేదీ ఆ గేటు వెనక గదిలోనే. మీ గ్రౌండుకు రావాలంటే వాడు చీకటితోనే లేచి రెండు బస్సులు మారాలి. అది నీకు ఎప్పుడైనా చెప్పాడా? నువ్వు ఎప్పుడైనా అడిగావా? మా ట్రయల్స్‌కు వాణ్ణి తీసుకొచ్చింది లింగయ్యే. “సార్, మావోనిది సగం బతుకు బస్సులనే పోతున్నది. గీడ సీటిస్తె నడుసుకుంట వస్తడు. జర సూడుండ్రి” అన్నాడు. చూశాను, తీసుకున్నాను. నా చోట నువ్వున్నా అదే చేసేవాడివి.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ కోచ్ పనిలోకి వచ్చింది కప్పు ఫొటో కోసం కాదు మామా. ఈ గాజు బిల్డింగుల మధ్య, నేనున్నా లేకపోయినా నిలబడే ఒక జట్టు కావాలి నాకు. మీ కాలేజీకి ఉన్నటువంటిది. అది అవుతుందో కాదో చూసుకొమ్మని శిరీష రెండేళ్లు గడువిచ్చింది. మీకు పేరుంది కాబట్టి మంచి ఆటగాళ్లు మీ దగ్గరికి వస్తారు. వాళ్లు వచ్చారు కాబట్టి గెలుస్తారు, గెలిచారు కాబట్టి మళ్లీ పేరు. ఇందులోకి కొత్తవాడు దూరాలంటే డబ్బు పెట్టడం తప్ప ఏం చేయాలో నువ్వే చెప్పు.

మా చైర్మన్ ఓబుళరెడ్డి గారు మన అనంతపురం ఆయనే. అపార్ట్‌మెంట్లు కట్టి, ఆ తర్వాత కాలేజీ కట్టాడు. “ఏమప్పా హేమంతు, కప్పు తెస్తావా? తెస్తానంటే ఏం గావల్నో అడుగు” అంటాడు. అంతకంటే ఏం కావాలి?

ఊరగాయకు ఆదివారం వస్తాను.

హేమంత్

---

తిరుమలగిరి
3 సెప్టెంబర్ 2024

చిరంజీవి హేమంత్‌కు,

ఆదివారం వస్తానని రాశావు. మూడు ఆదివారాలు పోయాయి. సరే, నేనే వస్తే మొన్న శనివారం నిన్ను కలవకుండా వెళ్లిపోయానని అలిగావట. గేటు దగ్గర ఏదో నంబరు చెబితే గానీ లోపలికి పంపనన్నారు. ఆ నంబరు నీ ఫోనుకు వచ్చింది, నువ్వు మీటింగులో ఉన్నావు. ఫుట్‌బాల్ కోచ్‌కు మీటింగులేమిటో నాకు తెలియదు. కంచె బయట నిలబడి చూసి వచ్చేశాను.

ఆ గ్రౌండు ఎవరు వేశార్రా? ఎక్కడైనా గోల్‌పోస్టులు ఉత్తరానికి ఒకటి, దక్షిణానికి ఒకటి పెడతారు. మీవి తూర్పు పడమరల్లో ఉన్నాయి. సాయంత్రమైతే తూర్పు గోలీకి కళ్లలోకి ఎండ తప్ప బంతి కనపడదు. బయట చాయ్ బండి దగ్గర అడిగితే, “వాస్తు సార్. సెర్మన్ సాబ్ పంతులును పిలిపిచ్చి పోస్టులు తిప్పిచ్చిండు” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండు చాయ్‌లు తాగాను.

ఇక ఆ పిల్లలు. చొక్కాల్లో మీటర్లు పెట్టారు. గోలు వేసినవాడు సంతోషపడకుండా ట్యాబు దగ్గరికి పరిగెత్తి తనెంత వేగంగా పోయాడో చూసుకుంటున్నాడు. పాసిచ్చినవాడి ముఖం చూసే దిక్కు లేదు. స్వామి ఒక్కడే కాస్త పాత అలవాట్లతో ఉన్నాడు, వాణ్ణీ చెడగొట్టేదాకా వదలవు.

కొత్తవాడు ఏం చేయాలని అడిగావు. కొన్నాళ్లు ఓడిపోవాలి. మీ చైర్మన్‌కు ఆ మాట చెప్పి చూడు, ఏమంటాడో నాకు రాయి.

మీ మామ

---

మదీనాగూడ
17 నవంబర్ 2024

మామా,

నమస్కారం రాయబుద్ధి కావడం లేదు.

స్వామిని ఈ ఏడాది ఆడనిచ్చేది లేదని టోర్నమెంటు కమిటీ చెప్పింది. వాడి పేరు మా కాలేజీ ఆటగాళ్లలోనూ ఉందట, మీ కాలేజీ ఆటగాళ్లలోనూ ఉందట. రెండుచోట్ల పేరున్నవాడు ఎక్కడా ఆడకూడదని రూలు. మీ పేర్లు పంపింది నువ్వే, సంతకం నీదే. వాడు మా దగ్గర చేరాడని తెలిసీ పేరు అలాగే ఉంచావు. మాకు దక్కకుండా చేయడానికి కాకపోతే దేనికి?

నువ్వు చెప్పమన్న మాట చైర్మన్‌కు చెప్పాను. కొన్నాళ్లు ఓడిపోవాలి సార్ అన్నాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, “ఓడేదానికి నువ్వెందుకప్పా? ఊరికే ఆడినా ఓడతారు గదా. ఈ ఏడు కప్పు రాకుంటే ఫుట్‌బాల్‌కు తాళమే” అన్నాడు. కప్పు రాకపోతే ఆటగాళ్లందరికీ ఫీజు మాఫీ పోతుంది. కప్పు రావాలంటే స్వామి ఉండాలి.

నిన్న లింగయ్య డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చాడు. “మా పోరడు ఏం తప్పు జేసిండు సార్? పెద్దసారుకు వీడంటె పాణం గదా” అన్నాడు. ఇదంతా చేసింది ఆ పెద్దసారేనని, నువ్వేనని, ఆయనకు చెప్పలేకపోయాను.

పెద్ద కాలేజీలు పెద్దవిగా ఎలా మిగిలిపోతాయో ఇప్పుడు అర్థమైంది.

హేమంత్

---

తిరుమలగిరి
25 నవంబర్ 2024

హేమంత్‌కు,

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించలేదు. వినిపిస్తే నీ ఊరగాయ సీసా ఆ క్షణమే ఎదురింటివాళ్లకు వెళ్లిపోయేది.

స్వామి పేరు నేనే పంపాను. ఎప్పుడో తెలుసా? జూన్‌లో. మా దగ్గర ఇంటర్ ఆడినవాడు డిగ్రీకి ఇంకోచోటికి వెళ్లడమనేది నేనున్నన్నాళ్లలో జరగలేదు. అందుకని ప్రతి ఏడూ ఎవరినీ అడగకుండానే పేర్లు రాసి పంపేస్తాను. ఈసారీ అలాగే పంపి మర్చిపోయాను. నువ్వు దీన్ని కుట్ర అనుకున్నావు. బుద్ధి తక్కువతనం అనుకుని ఉంటే బాగుండేది, అది నిజం కాబట్టి.

ఉత్తరం అందిన రోజే కమిటీ ఆఫీసుకు వెళ్లి, పొరపాటు నాది, పిల్లవాడిది కాదు అని చెప్పి, వాడి పేరు కొట్టేయించాను. స్వామి ఆడతాడు. మాకు ఎదురుగా ఆడతాడు. మా ప్రిన్సిపాల్ నాతో మాటలు మానేశాడు. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

చిన్నప్పుడు నా భుజాలెక్కి మ్యాచ్‌లు చూశావు. నేను అలాంటి పని చేస్తానని ఎలా అనిపించిందిరా నీకు? చాలా బాధపడ్డాను. ఇంక ఈ విషయం రాయకు.

మామ

---

మదీనాగూడ
3 ఫిబ్రవరి 2025

మామకు నమస్కారాలు.

నవంబర్‌లోనే క్షమించమని ఫోన్ చేశాను. అత్త ఎత్తి, “మీ మామ మిషన్ తీసి డబ్బాలో పెట్టుకున్నాడు, నీ ఫోనప్పుడే తీస్తాడు” అంది. ఇంటికి వస్తే నువ్వు గ్రౌండులో ఉన్నావన్నారు, గ్రౌండుకు వస్తే ఇంటికి వెళ్లావన్నారు.

నిన్నటి ఫైనల్ గురించి రాయకుండా ఉండలేను. రెండు-ఒకటి. కంటోన్మెంటులో, మీ మట్టి గ్రౌండులో, మీ పాత విద్యార్థులంతా గోడలెక్కి చూస్తుండగా గెలిచాం. ముందు మీరే గోలు వేశారు. సగం ఆట అయ్యేలోపు స్వామి సమం చేశాడు. చివర్లో కార్నర్ నుంచి వచ్చిన బంతిని మళ్లీ వాడే, నువ్వు నేర్పిన ఆ కుడి కాలితోనే లోపలికి కొట్టాడు. అది చూడాల్సినవాడివి నువ్వు. అటు తిరిగి చూస్తే నీ కుర్చీ ఖాళీ.

స్వామి మొదటి గోలు వేయగానే లేచి వెళ్లిపోయావట. మీ జట్టు ఓడిపోతుంటే చూడలేకపోయావా? లేక నీ మేనల్లుడు గెలుస్తుంటే చూడలేకపోయావా? ఎన్నిసార్లు ఓడించావు నన్ను, ఒక్కసారి నేను గెలిస్తే కూర్చుని చూడలేవా?

నిన్న మొన్న పుట్టిన జట్టు పాత జట్టును ఓడించగలదో లేదో ఇప్పుడు చెప్పు.

హేమంత్

---

తిరుమలగిరి
9 ఫిబ్రవరి 2025

హేమంత్‌కు,

ఓడించగలదు. ఓడించింది. ఇందులో అడగడానికి ఏముంది?

నేను ఎందుకు లేచి వెళ్లానంటే, మీరు నాలుగు బస్సుల నిండా పిల్లల్ని హాజరు వేస్తామని ఆశపెట్టి తెచ్చారు. వాళ్లతో డీజే తెచ్చారు. ఆ స్పీకరు పెట్టింది సరిగ్గా నా కుర్చీ వెనక. స్వామి గోలు కొట్టగానే అది మోగింది, నా చెవి మిషన్ కూతపెట్టింది. మిషన్ తీసేస్తే తల దిమ్మెక్కి కళ్లు తిరిగాయి. మీ అత్త ఆటో పిలిచి ఇంటికి తీసుకుపోయింది. మనుషులకు ఒంట్లో బాగుండకపోవచ్చని నీకు తట్టదు, అన్నీ నీ గురించే అనుకుంటావు.

మర్నాడు పేపర్లో ఫొటో చూశాను. చైర్మన్ ఉన్నాడు, చైర్మన్ బావమరిది ఉన్నాడు, కప్పు ఉంది. గోల్స్ కొట్టినవాడు ఎక్కడున్నాడో భూతద్దం పెట్టి వెతికాను, వాడి మోచెయ్యి దొరికింది.

ఇంకో మాట. మమ్మల్ని ఇంతకుముందూ కొత్త కాలేజీలు ఓడించాయి. వాటిలో ఒకటి ఇప్పుడు ఫంక్షన్ హాలు. ఇంకోదాని పేరు గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదు. సంబరం అయ్యాక తీరిగ్గా ఆలోచించు.

స్వామి రెండో గోలు ఎలా కొట్టాడో వివరంగా రాయి. బంతి నేల మీద ఉందా, గాల్లో ఉందా?

మామ

---

తిరుమలగిరి
20 ఏప్రిల్ 2025

హేమంత్‌కు,

రెండో గోలు సంగతి ఇప్పటికీ రాయలేదు. రాసే తీరిక ఎలా ఉంటుంది? ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో మళ్లీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరావట. మన ఫ్యామిలీ గ్రూపులో మీ అమ్మ మిఠాయి బొమ్మ పెట్టింది. అందరూ చేతులు జోడించారు.

కప్పు కొట్టి, పేరు తెచ్చుకుని, పిల్లల్ని రోడ్డు మీద వదిలేశావన్నమాట. నిలబడే జట్టు కావాలని పేజీలు పేజీలు రాశావు, నేను నమ్మాను. నీ కోసం మా ప్రిన్సిపాల్‌తో మాటలు పోగొట్టుకున్నాను. స్వామిని పంపించెయ్, ఎలాగోలా మా దగ్గర సీటు అడుగుతాను. మిగతావాళ్ల సంగతి ఏం చేస్తావో నీకే తెలియాలి.

లక్ష్మీనారాయణ

---

మదీనాగూడ
26 ఏప్రిల్ 2025

మామా,

ఈసారైనా తిట్టే ముందు ఇది చదువు.

మార్చిలో చైర్మన్ పిలిచాడు. జీతం పెంచుతాడనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. “చాలా బాగా జేసినావప్పా. కప్పు ఫొటో హోర్డింగు మీదికి ఎక్కిచ్చినాం. సీట్లన్నీ నిండినాయి. ఇంగ టీము తీసేద్దాం” అన్నాడు. నాకు అర్థం కాలేదు. గెలిచాం కదా సార్ అన్నాను. ఆయన నా మీద జాలిపడి నెమ్మదిగా చెప్పాడు. “అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు మోడల్ ఫ్లాటు ఒకటి చేస్తాం గదా. సోఫా, కర్టెన్లు, దేవుని గది, అన్నీ పెడతాం. ఫ్లాట్లన్నీ అమ్ముడుబోయినాక దాన్ని పెట్టుకోని ఏం జేస్తామప్పా?” ఆయనకు కోపం లేదు, మోసం చేస్తున్నాననీ లేదు. ఆయన పని చేసే పద్ధతే అది. ఓడితే తాళమన్నాడని భయపడ్డాను గానీ గెలిచినా తాళమేనని నాకు తట్టలేదు.

ఇప్పుడు మా టర్ఫ్ మీద పికిల్‌బాల్ కోర్టులు వేశారు. సాయంత్రాలు ఐటీ వాళ్లు గంటకింతని బుక్ చేసుకుని ఆడుతున్నారు. వచ్చే ఏడాది నుంచి ఆటగాళ్లకు ఫీజు మాఫీ లేదు. ఇంటి కిరాయి కట్టాలి కాబట్టి ఉద్యోగంలో చేరాను. పిల్లల్ని నేను వదల్లేదు. ఖాజాగూడలో చెరువు అవతల, రాళ్ల పక్కన ఊరివాళ్ల ఖాళీ స్థలం ఉంది. ఆఫీసుకు పోయే ముందు పొద్దున్నే అక్కడ ఆడిస్తున్నాను. కాలేజీ పేరు వాడుకోనిమ్మని అడిగితే, “ఖర్చు లేకుంటే వాడుకోప్పా” అన్నాడు చైర్మన్.

అయితే నిజం చెప్పనా? ఎవరు ఎన్నాళ్లు వస్తారో నాకు తెలియదు. టర్ఫ్ లేదు, టిఫిన్ లేదు, బూట్లు లేవు. రోజూ ఒకడు తగ్గుతాడేమోనని లెక్కపెట్టుకుంటూ నిలబడుతున్నాను. స్వామిని నీ దగ్గరికి పంపమంటే పంపుతాను, వాడి చదువు ముఖ్యం. వాడు వెళ్తే మాత్రం ఇది మిగలదు.

బంతి గాల్లో ఉంది మామా. మోకాలెత్తున.

హేమంత్

---

తిరుమలగిరి
5 మే 2025

నాయనా హేమంతూ,

చదివాను. నీ చైర్మన్‌ను తిట్టడానికి నా దగ్గర ఉన్న మాటలు కాగితం మీద రాసేవి కావు. నిన్ను తిట్టినందుకు మాత్రం నాకే సిగ్గుగా ఉంది.

స్వామిని పంపొద్దు. లింగయ్యతో మాట్లాడాను. మా పాత విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురు వాడి ఫీజు చూస్తామన్నారు. వాడు మీ కాలేజీలోనే చదువుతాడు.

జూన్ చివర్లో నీ జట్టును మా గ్రౌండుకు తీసుకురా. మ్యాచ్ ఆడదాం. మావాళ్లు ఫైనల్ ఓడిన కసితో ఉన్నారు, దయ చూపించరు. చూపించమని నేనూ చెప్పను. రోజూ ఎంతమంది వచ్చారని లెక్కపెట్టుకుంటూ బతకడం కంటే ఏదో ఒకటి తేలిపోవడం నయం.

మా దగ్గర చిరిగిన నెట్లు రెండున్నాయి, పట్టుకుపో. కుట్టుకోవాలి.

మీ మామ

---

మదీనాగూడ
2 జులై 2025

మామకు నమస్కారాలు.

ఆదివారం సంగతి నీకు తెలుసు. ఐదు-సున్నా. అందులో మూడు గోల్స్ మొదటి పావుగంటలోనే. మీ పాత విద్యార్థులు మావాళ్లను పేరుపెట్టి పిలిచి మరీ వెక్కిరించారు. హోర్డింగు మీది కప్పు చూపించమన్నారు. నువ్వు గోడ పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నావు, ఒక్క మాట అనలేదు. నీ మీద పీకలదాకా కోపం వచ్చింది.

తిరిగి వ్యాన్‌లో వచ్చేటప్పుడు గచ్చిబౌలి నుంచి ఒక్కొక్కడే దిగిపోయాడు. రేపు ప్రాక్టీసు ఉందని నేను చెప్పలేదు, చెప్పే ముఖం లేదు. ఇంటికి రాగానే శిరీషతో, ఇంక చాలు, రేపు వెళ్లి నెట్లు విప్పి తెచ్చేస్తాను, మామకు ఇచ్చేస్తాను అన్నాను. తను అన్నం పెట్టింది.

సోమవారం నెట్లు విప్పడానికని కాస్త ఆలస్యంగానే ఖాజాగూడ వెళ్లాను. వాన పడి నేలంతా బురద.

అందరూ ఉన్నారు మామా. ఒక్కడు కూడా తగ్గలేదు. ఎవరికీ ఎవరూ ఫోన్ చేసుకోలేదట. స్వామి కార్నర్ నుంచి బంతులు వేస్తున్నాడు. ఆదివారం ఐదు గోల్స్ వదిలేసిన గోలీ వేణు బురదలో పడి లేస్తున్నాడు. “గట్ల దుంకితె ఎట్ల దొరుకుతదిరా? మల్ల దుంకు” అని స్వామి వాడిమీద అరుస్తున్నాడు. నన్ను చూసి ఆగి, “ఏంది సార్ గింత లేటు? ఇగ రారనుకున్నం” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. వాళ్లకు కనపడకుండా అటు తిరిగి బూట్ల తాళ్లు కట్టుకున్నాను. నెట్లు ఇప్పట్లో తిరిగి ఇవ్వను.

హేమంత్

---

తిరుమలగిరి
21 ఆగస్టు 2025

చిరంజీవి హేమంత్‌కు ఆశీస్సులు.

నువ్వు రాసింది మీ అత్తకు చదివి వినిపించాను. ఊరగాయ సీసాలు రెండు కట్టింది. ఈసారి నేనే తెస్తాను, నీ ఆదివారాల మీద నాకు నమ్మకం లేదు.

ఆ రోజు నేను ఎందుకు మాట్లాడలేదో చెబుతాను. ఐదో గోలు పడ్డాక, ఆట అయిపోవడానికి నిమిషమో రెండు నిమిషాలో ఉందనగా, మీ లెఫ్ట్ బ్యాక్ మా వింగర్ వెంట గీత దాకా పరిగెత్తాడు. ఆ పరుగుతో ఏమీ మారదు. అయినా పరిగెత్తి, జారి పడి, బంతి బయటికి తన్నాడు. నేను వాడినే చూస్తూ ఉండిపోయాను. వాడి పొజిషన్ పూర్తిగా తప్పు, ఎవరు నేర్పారో గానీ. సరిచెయ్యి.

ఈ ఏడాది యూనివర్సిటీ కప్పులో ఎవరెవరితో ఆడాలో తేల్చే డ్రా నిన్న వచ్చింది. మీరు మా వైపే పడ్డారు. రెండో మ్యాచే మనిద్దరిదీ. నిరుడు ఇలాగే మీ పేరు చూసినప్పుడు మీ అత్తతో నవ్వుతూ చెప్పాను. మీరు మమ్మల్ని ఓడించి కప్పు ఎత్తుకుపోయిన రోజున కూడా నా తల తిరిగింది గానీ నిద్ర పట్టకుండా పోలేదు.

నిన్న మాత్రం ఆ పేరు చూసి భయం వేసింది. మా పిల్లల్ని రేపటి నుంచి అరగంట ముందే గ్రౌండుకు రమ్మన్నాను.

మీ మామ,
లక్ష్మీనారాయణ